హెచ్.ఐ.వి. రక్తపరీక్ష: ఎప్పుడు చేయింపవలెను, ఎంతవఱకు నమ్మవలెను



నేను వైద్యుడను. సంగారెడ్డి, పటాన్‌చెరువు ప్రాంతములలో చాలకాలము ప్రభుత్వోద్యోగము చేసి ఇప్పుడు విశ్రాంతి తీసికొనుచున్నాను. ఈ దినమున మీతో ఒక రక్తపరీక్షను గుఱించి మాటలాడదలచితిని. ఇట్టి ప్రసంగము రోగులకో, పడుచువారికో చేయదగినది గాని గ్రామపెద్దలకు దీనితో ఏమి పని యని మీకు తోచవచ్చును. పని కలదు. మన పల్లెలలో ఏ కాగితము వచ్చినను, అది కోర్టు సమను కానిండు, బ్యాంకు నోటీసు కానిండు, ఆస్పత్రి చీటి కానిండు, చదివి చెప్పుడని తెచ్చునది మీయొద్దకే. సంబంధము కుదుర్చునప్పుడు పిల్లవాని మంచిచెడ్డలు విచారించునది మీరే. కోడలిని పుట్టింటికి పంపవలెనా, ఉంచుకొనవలెనా యని తగవు వచ్చినప్పుడు నడుమ కూర్చుండునదియు మీరే. కావున ఈ పరీక్ష కాగితమును ఎట్లు చదువవలెనో మీరు తెలిసికొనుట అవసరము. తప్పుగా చదివిన కాగితము ఒక్కొక్కప్పుడు రోగము కన్న ఎక్కువ కీడు చేయును.

ఆ పరీక్ష హెచ్.ఐ.వి. పరీక్ష. ఎయిడ్సు అను వ్యాధికి మూలమైన సూక్ష్మజీవి రక్తమున నున్నదో లేదో తెలుపునది. ఆ సూక్ష్మజీవిని వైద్యులు వైరసు అందురు. అది జాగ్రత్త లేని దాంపత్యేతర సంబంధము వలనను, భార్యాభర్తలలో ఒకరికి ఉన్నచో రెండవవారికిని, కలుషితమైన రక్తము, సూదుల వలనను, తల్లినుండి బిడ్డకును సంక్రమించును. ఒకే పంక్తిని భోజనము చేసినంత మాత్రమున రాదు. చేయి పట్టుకొన్న రాదు. దోమ కుట్టిన రాదు. ఈ సంగతులు మీరు ఇదివఱకు వినియే యుందురు గనుక అంతటితో విడిచెదను.

మన ప్రాంతపు స్థితి మీరెఱుగనిది కాదు. జొన్నయు కందియు పండిన నేలలో నేడు పొగగొట్టములు నిలిచినవి. పటాన్‌చెరువు, పాశమైలారము, బొల్లారము, బొంతపల్లి, గడ్డపోతారము: ఈ పేర్లు వినిన ఒడిస్సాలోను, బీహారులోను ఉన్న పల్లెటూరివారికి సైతము కర్మాగారములే జ్ఞప్తికి వచ్చును. వేలకొలది పురుషులు ఆలుబిడ్డలను విడిచి ఇస్నాపురము వంటి చోట్ల అద్దెగదులలో కాపురముందురు. హైదరాబాదునుండి ముంబాయి పోవు రహదారి పటాన్‌చెరువు, సదాశివపేట, జహీరాబాదుల మీదుగా పోవుచున్నది. ఆ దారిని లారీలు రాత్రింబవళ్లు నడచుచుండును. మన పల్లెల పిల్లలును ఆ ఫ్యాక్టరీలలోనే పనిచేయుచు, పండుగలకు ఇంటికి వచ్చిపోవుచున్నారు. ఇల్లు విడిచిన ఒంటరివారు ఎక్కువగా నున్న తావున ఇట్టి వ్యాధుల భయమును, అనుమానమును ఎక్కువ. ఇది వారి తప్పని నేను చెప్పను. ఉన్న స్థితి ఇది.

ఇక నా తప్పు ఒకటి చెప్పుకొనవలెను. ఇది ఇరువది యేండ్లకు పూర్వపు మాట. నేను పనిచేసిన ఆస్పత్రి పేరు చెప్పను. తప్పు ఆస్పత్రిది కాదు, నాది. ఒకనాటి సాయంకాలము ఇరువదినాలుగేండ్ల యువకుడొకడు తలవంచుకొని నా గదిలోనికి వచ్చెను. ఫ్యాక్టరీలో హెల్పరుగా పనిచేయుచుండెను. ఒక చెడు స్నేహము వలన తనకేదో అంటుకొన్నదని అతని భయము. రక్తము తీయించితిని. కార్డుపై ఒక్క గీతయే వచ్చెను. అనగా వ్యాధి గుఱుతు కనబడలేదన్నమాట. "సారూ, నాకేమీ లేదు గదా?" అని అడిగెను. బయట నలుబదిమంది రోగులు వేచియుండిరి. "నీకేమియు లేదు, పోయి సుఖముగా నుండుము" అని చీటి చేతికిచ్చితిని. అతడు నా పాదములకు మ్రొక్కి పోయెను. పోయిన పిమ్మట రిజిస్టరులో చూడగా, ఆ చెడు స్నేహము జరిగి అప్పటికి పండ్రెండు దినములే యైనట్లు వ్రాసియుండెను. చూచితిని గాని దానిని గుఱించి ఆలోచింపనైతిని. ఆ చీటిని వాని తండ్రి ఊరిపెద్దకు చూపెను. ఆయన చదివి, "పిల్లవాడు నిర్దోషి, డాక్టరుగారే వ్రాసినారు" అని చెప్పెను. ఒక నెల తిరుగకముందే పెండ్లి జరిగెను.

ఆ చీటిలో వ్రాసిన ప్రతి అక్షరమును నిజమే. ఐనను ఆ చీటి అబద్ధమాడినది. ఇది ఎట్లు సంభవించెనో చెప్పుటయే ఈ ప్రసంగపు ఉద్దేశము.

ఈ పరీక్షలలో ఎక్కువభాగము వైరసును చూడవు. మన దేహము ఆ వైరసుపై యుద్ధమునకై పుట్టించుకొను ప్రతిరక్షకములను మాత్రమే చూచును. దొంగ ఇంటిలో దూరినంతనే ఊరికి తెలియదు. ఇంటివారు మేల్కొని కేకలు వేసినప్పుడే తెలియును. పరీక్ష ఆ కేకలను వినునది. దొంగ దూరిన నిమిషమునకును, కేక పుట్టిన నిమిషమునకును నడుమ కొంత కాలము నిశ్శబ్దముగా నుండును. ఆ నిశ్శబ్దమును విని ఇంట దొంగ లేడని చెప్పుట ఎంత తెలివితక్కువయో, ఆనాడు నేను చేసిన పని అంత తెలివితక్కువ. వైద్యులు ఈ నడిమికాలమును విండో పీరియడు అందురు. మనము మఱుగుకాలము అందము.

వ్యవసాయదారులకు దీనిని చెప్పనక్కఱయే లేదు. మన పటాన్‌చెరువులోనే ఇక్రిశాట్ అను సంస్థ 1972 నుండి జొన్న, సజ్జ, కంది, శనగ, వేరుసెనగ పైరులపై పరిశోధన చేయుచున్నది. అంత గొప్ప శాస్త్రజ్ఞులైనను విత్తిన మఱునాడు మీకు మొలకను చూపలేరు. మఱునాడు చేనికి పోయి చూచి, "ఈ మడిలో విత్తనము పడలేదు" అని తీర్పు చెప్పువానిని మీరు ఏమందురు?

ఈ విద్య చరిత్ర ఎంతో పాతది కాదు. 1981లో అమెరికా వైద్యులు ఈ వ్యాధిని మొదట గుర్తించిరి. 1983లో పారిస్ నగరమునందలి పాశ్చర్ సంస్థలో బారే-సినూసి అను విదుషియు, మాంటానియే అను పండితుడును వైరసును వేఱుచేసి చూపిరి. అందులకు వారికి 2008లో నోబెల్ బహుమానము వచ్చినది. 1985లో రక్తపరీక్ష వాడుకలోనికి వచ్చెను. మఱుసటి యేడే, 1986లో, మన పొరుగున చెన్నపట్టణమున డాక్టరు సునీతి సాలమన్‌గారును, ఆమె శిష్యురాలు నిర్మలగారును రక్తములు సేకరించి వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలలో పరీక్షింపజేయగా మన దేశమున ఈ వ్యాధి ఉన్నదని మొదటిసారి తేలినది. మన దేశమునకు ఇది రాదని ఎందఱో నమ్మియుండిన కాలమది. పరీక్ష చేసి చూచినవారే నిజము కనిపెట్టిరి. కావున పరీక్షను నేను తక్కువచేసి మాటలాడుచున్నానని తలంపకుడు. పరీక్ష మంచిది. దానికి తగిన వేళ కావలెననియే నా మాట.

ఆ వేళ ఎంత? పరీక్షనుబట్టి మాఱును. వ్రేలినుండి తీసిన రక్తపు చుక్కతో చేయు కార్డు పరీక్ష ప్రతిరక్షకములను మాత్రమే చూచును. అది వ్యాధి సోకిన 23 మొదలు 90 దినములలో పట్టుకొనగలదు. కొందఱికి త్వరగాను, కొందఱికి ఆలస్యముగాను ప్రతిరక్షకములు పుట్టుటయే ఈ తేడాకు కారణము. ప్రయోగశాలలో సిరనుండి తీసిన రక్తముపై చేయు మఱియొక పరీక్ష ప్రతిరక్షకములతో పాటు పి-24 అను వైరసు భాగమును గూడ చూచును. కనుక 18 మొదలు 45 దినములలో పట్టుకొనును. వైరసును నేరుగా వెదకు న్యాట్ అను పరీక్ష మఱింత త్వరితమైనది. 10 మొదలు 33 దినములలో పట్టుకొనును. కాని దాని ఖర్చు ఎక్కువ, అన్ని చోట్ల దొరకదు. మొదటినాడే పట్టుకొను పరీక్ష ఈ లోకమున ఇంతవఱకు లేదు.

ఈ లెక్కలన్నియు మీరు జ్ఞాపకముంచుకొనలేకపోయినను, ఒక్కటి ఉంచుకొనుడు: మూడు నెలలు. అనుమానము కలిగిన దినమునుండి మూడు నెలలు గడచిన పిమ్మట, ఆ మూడు నెలలలో క్రొత్త ప్రమాదమేదియు లేకుండ, ఏ పరీక్ష చేసినను గీత రానిచో, ఆ మాట నమ్మవచ్చును. అట్లని అనుమానము కలిగినవాడు మూడు నెలలు ఇంట కూర్చుండవలసిన పని లేదు. వెంటనే పోవలెను. ఎందుకనగా ప్రమాదము జరిగిన 72 గంటలలోపల పోయినచో, వ్యాధి సోకకుండుటకు మందులు కలవు. 28 దినములు విడువక పుచ్చుకొనవలెను. గంటలు గడచినకొలది వాని పని తగ్గును. ఆ మందులు వాడినవారికి మఱుగుకాలము పెరుగవచ్చును గనుక వారు మఱల ఎప్పుడు పరీక్షింపించుకొనవలెనో వైద్యునే అడుగవలెను. మందులు వాడనివారు మొదటి పరీక్షలో గీత రాకున్నను మూడు నెలలకు మఱల వచ్చి చూపించుకొనవలెను. నేను ఆనాడు ఆ పిల్లవానితో చెప్పవలసినది ఈ ఒక్క వాక్యము. అది చెప్పనైతిని.

దీనిలో మఱియొక చిక్కు కలదు. పరీక్షకు కనబడని ఆ మొదటి వారములలోనే వైరసు రక్తమున మిక్కిలి ఎక్కువగా నుండును. కావున ఇతరులకు అంటుట అప్పుడే సులభము. చీటి చేత పట్టుకొని తాను నిర్దోషినని నమ్మినవాడు అప్పుడే ఎక్కువ ప్రమాదకారి యగును. నా పిల్లవాని పెండ్లి సరిగా ఆ దినములలోనే జరిగినది.

రెండేండ్లకు ఆ అమ్మాయి గర్భిణియై ఆస్పత్రికి వచ్చినది. గర్భిణులకు చేయు పరీక్షలో ఆమెకు వ్యాధి ఉన్నదని తేలెను. పిమ్మట భర్తను పిలిపించి చూడగా అతనికిని ఉన్నది. అతడు నా యెదుట ఆ పాత చీటిని తీసి బల్లపై పెట్టెను. భద్రముగా మడతపెట్టి ప్లాస్టికు సంచిలో దాచుకొనియుండెను. "సారూ, ఇది మీ సంతకమే గదా" అని మాత్రము అనెను. తిట్టలేదు. తిట్టియున్నచో నాకు కొంత తేలికగా నుండెడిది.

ఆమెకు కాన్పునాడును, పుట్టిన బిడ్డకును మందు ఇచ్చితిమి. తొమ్మిదవ నెలలో ఆ ఇంటివారు ఆత్రము పట్టలేక పట్నములో ఎక్కడనో బిడ్డకు పరీక్ష చేయించిరి. గీతలు వచ్చెను. బిడ్డకు వ్యాధి ఉన్నదని ఇల్లెల్ల ఏడ్చెను. "బ్రతుకని బిడ్డకు పాలెందుకు, మందులెందుకు" అని ఎవరో అనిరి. తల్లి బిడ్డను ఎత్తుకొని నాయొద్దకు వచ్చినది. ఈ మాఱు నేను తొందరపడలేదు. తల్లి గర్భములో నున్నప్పుడే ఆమె ప్రతిరక్షకములు బిడ్డ రక్తములోనికి చేరును. అవి 18 నెలలవఱకు నిలిచియుండవచ్చును. కావున అంతవఱకు కార్డుపై వచ్చు గీత తల్లిదో, బిడ్డదో చెప్ప వీలు లేదు. ఈ సంగతి వివరించి, బిడ్డను చక్కగా సాకుమని, 18 నెలలు నిండిన పిమ్మట రమ్మని పంపితిని. ఆ తొమ్మిది నెలలు ఆ తల్లి ఎట్లు గడపెనో ఆమెకే తెలియును. గడువు నిండినంతనే వచ్చెను. పరీక్ష చేసితిమి. ఒక్క గీతయే వచ్చెను. బిడ్డకు వ్యాధి లేదు. ఈ మాట చెప్పుటకు ముందు నేను తేదీని మూడుసార్లు చూచుకొంటిని.

ఇప్పుడు ఆ తల్లులకు అంత నిరీక్షణ లేదు. బిడ్డకు ఆఱు వారములు నిండగానే వైరసును నేరుగా వెదకు పరీక్ష ప్రభుత్వమువారు చేయించుచున్నారు. గర్భిణికి సకాలమున మందులు మొదలుపెట్టినచో బిడ్డకు సంక్రమించుట మిక్కిలి అరుదు. ఐనను 18 నెలలకు చేయు కడపటి పరీక్షను మానరాదు.

ఇంతవఱకు లేదని వచ్చిన ఫలితమును గుఱించి ఎక్కువగా చెప్పితిని. ఉన్నదని వచ్చిన ఫలితమును ఎట్లు చదువవలెను? ఇందులో మీకు ఒక చిన్న లెక్క చెప్పెదను. మన దేశమున పెద్దవారిలో సుమారు వేయింటికి ఇద్దఱికి ఈ వ్యాధి ఉన్నదని అంచనా. తెలంగాణములో అంతకు కొంత ఎక్కువ. పదివేల మందిని పరీక్షించితిమి అనుకొందము. వారిలో నిజముగా వ్యాధి ఉన్నవారు 20 మంది. మన కార్డు చాల మంచిది, వ్యాధి లేనివారిలో నూటికి ఒక్కరి విషయమున మాత్రమే పొరబడును అనుకొందము. అప్పుడు వ్యాధి లేని 9,980 మందిలో సుమారు 100 మందికి దొంగగీత వచ్చును. నిజపు గీతలు 20, దొంగగీతలు 100. అనగా మొదటి కార్డుపై గీత వచ్చిన ఆఱుగురిలో ఐదుగురికి వ్యాధి లేదన్నమాట. నూటికి తొంబదితొమ్మిది పాళ్లు నమ్మదగిన పరీక్ష గదా యని ఆ ఒక్క గీతను పట్టుకొని తీర్పు చెప్పినవాడు ఐదుగురు నిరపరాధులకు శిక్ష వేయును.

అందుచేతనే మన దేశమున, వ్యాధి లక్షణములు లేనివారి విషయమున, మూడు వేర్వేరు పరీక్షలు చేయవలెనని నియమము. మొదటిదానిలో గీత రానిచో లేదని చెప్పుదురు. వచ్చినచో వేఱొక రకపు కిట్టుతో రెండవది, ఇంకొక రకపు కిట్టుతో మూడవది చేయుదురు. మూడింటను వచ్చిననే వ్యాధి ఉన్నదని వ్రాయుదురు. ఒకదానిని మోసగించిన కారణము రెండవదానిని మోసగింపకుండుటకై కిట్లు వేర్వేరుగా నుండవలెను. లెక్కలో చూచినచో, రెండవ పరీక్షతో ఆ 100 దొంగగీతలు ఒకటికి దిగును. మూడవదానితో దాదాపు సున్న యగును. నిజమైన 20 మాత్రము నిలుచును. మూడింటిలో ఒకటి ఔననియు, మఱియొకటి కాదనియు చెప్పినచో, "తేలలేదు" అని వ్రాసి రెండు మొదలు నాలుగు వారములలో మఱల రమ్మందురు. తేలలేదు అనగా ఉన్నదని కాదు, లేదనియు కాదు. సాక్షులు ఏకీభవించనప్పుడు మీరు తగవును వాయిదా వేయుదురు గదా. ఇదియు అట్టిదే.

దొంగగీతలు ఎట్లు వచ్చును? వేఱే జబ్బుల వలన రావచ్చును. గర్భిణీస్త్రీలలో ఒక్కొక్కప్పుడు వచ్చును. నియమించిన నిమిషములు దాటిన పిమ్మట కార్డు చూచుట వలన రావచ్చును. సీసాపై ఒకరి పేరు బదులు మఱియొకరి పేరు వ్రాయుట వలనను ఫలితము తాఱుమాఱు కావచ్చును. మనుష్యుల పనిలో మనుష్యుల తప్పులుండును.

మా ప్రాంతపు పల్లెలో ఒకప్పుడు ఇట్టిదే జరిగినది. ఒక కోడలికి జ్వరము వచ్చి ఏదో ప్రైవేటు ప్రయోగశాలలో రక్తము చూపించిరి. అడుగకుండగనే ఈ పరీక్షయు చేసి, ఒక్క కార్డుపై గీత వచ్చినంతనే కాగితము వ్రాసి ఇచ్చిరి. అత్తగారు ఆమె కంచము వేఱుచేసెను. పుట్టింటికి పంపుటకు బండి సిద్ధమైనది. ఆ ఊరిపెద్ద ఒకాయన, ఏడవ తరగతివఱకే చదివినవాడు, కాగితము చేతికి తీసికొని, "దీనిమీద ఒక్క పరీక్షయే వ్రాసినారు. బావి త్రవ్వునప్పుడైనను ఇద్దఱు నీరు చూచువారిని పిలుతుము. బిడ్డ బ్రతుకునకు ఒక్కడు చాలునా?" అని అడిగి, బండి ఆపించి, ఆమెను భర్తతో కూడ సంగారెడ్డికి పంపెను. అక్కడ రెండవ, మూడవ పరీక్షలలో గీత రాలేదు. కొన్ని వారముల పిమ్మట మఱల చేసిన పరీక్షలోను రాలేదు. ఆమె ఆ ఇంటనే ఉన్నది. నేను వైద్యవిద్య చదివి చేయలేని పనిని ఆయన ఒక్క ప్రశ్నతో చేసెను. అందుచేతనే ఈ ప్రసంగము వైద్యులకు గాక మీకు చేయుచున్నాను.

మఱి కొన్ని సంగతులు సంగ్రహముగా చెప్పెదను.

రక్తదానము చేసి, ఆ విధముగా తమ రక్తము మంచిదో కాదో తెలిసికొందమని కొందఱు పోవుదురు. ఇది పాపము. బ్లడ్ బ్యాంకులో ప్రతి సీసాను పరీక్షింతురు. ఐనను మఱుగుకాలమున నున్నవాని రక్తము ఆ పరీక్షకు చిక్కకపోవచ్చును. అది మఱియొకని సిరలలోనికి పోవును. సింగరేణి గనుల ఉద్యోగి భార్యకు ఎక్కించిన రక్తము వలన ఈ వ్యాధి సోకిన వ్యవహారమున ఆంధ్రప్రదేశ్ హైకోర్టు 2001లో తీర్పు చెప్పుచు రక్తపు పరీక్షల విషయమై ఆదేశములిచ్చినది. అనుమానమున్నవాడు పరీక్షాకేంద్రమునకు పోవలెను గాని దానమునకు పోరాదు.

వ్యాధి ఉన్నట్లు తేలి మందులు వాడువారికి వైరసు ఎంత యున్నదో కొలుచు వేఱొక పరీక్ష చేయుదురు. మందు చక్కగా పనిచేసినచో "కనబడలేదు" అని కాగితముపై వచ్చును. దానిని చూచి రోగము పోయినదని మందు మానినవారిని నేనెఱుగుదును. అది కూడని పని. కనబడలేదు అనగా మందు దానిని అణచియుంచినదని అర్థము. మందు మానిన మఱల లేచును. కాని అట్లు అణగియున్నంతకాలము ఆ మనుష్యునినుండి భార్యకు గాని, భర్తకు గాని దాంపత్యము వలన వ్యాధి సంక్రమింపదని శాస్త్రజ్ఞులు నిశ్చయించిరి. ఇంతటి శుభవార్త మఱియొకటి లేదు.

మనిషిని చూచి వ్యాధిని చెప్పవచ్చునని కొందఱు నమ్ముదురు. చెప్పలేము. బక్కచిక్కినవాడు రోగి కానక్కఱలేదు. బలిష్ఠుడు ఆరోగ్యవంతుడు కానక్కఱలేదు. వ్యాధి సోకినవాడు ఏండ్ల తరబడి ఏ లక్షణము లేకుండ తిరుగవచ్చును.

ఇక చట్టము మాట. 2017లో పార్లమెంటు చేసిన హెచ్.ఐ.వి., ఎయిడ్సు చట్టము 2018 సెప్టెంబరు 10వ తేదీనుండి అమలులో నున్నది. దాని ప్రకారము మనుష్యుని సమ్మతి లేనిదే ఈ పరీక్ష చేయరాదు. ఫలితమును ఇతరులకు వెల్లడింపరాదు. ఉద్యోగమిచ్చుటకు ఈ పరీక్షను షరతుగా పెట్టరాదు. కర్మాగారములకు కూలీలను చేర్చు గుత్తేదారులును ఈ సంగతి తెలిసికొనవలెను. అంతకు పూర్వమే, 1997లో, బొంబాయి హైకోర్టు, పనిచేయు శక్తి కలవానిని ఈ వ్యాధి కారణము చేతనే పనినుండి తొలగింపరాదని చెప్పినది. కావున ఊరిపెద్ద ఒకని కాగితమును చావడిలో చదివి వినిపించుట తగదు. ఆ మనుష్యుడు తనంతట తెచ్చి అర్థము చెప్పుడని అడిగిన, వానికి మాత్రమే చెప్పవలెను.

పెండ్లి సంబంధముల విషయమున, "పరీక్ష కాగితము తెమ్మనుడు" అని మీరు బలవంతపెట్టుట మంచిది కాదు. అట్టి కాగితము వలన ఎంత లాభము కలదో నా కథ వలన మీకు తెలిసినది. వధూవరులిద్దఱును ఇష్టపడి, కలిసి కేంద్రమునకు పోయి, ఇద్దఱును పరీక్షింపించుకొని, గడువు చాలనిచో ఆగి మఱల చూపించుకొన్న, అది వేఱుమాట. అందులో అవమానము లేదు, వివేకము కలదు. ఒక్క వరుని మాత్రమే గాని, ఒక్క వధువును మాత్రమే గాని నిలువబెట్టుట న్యాయము కాదు.

సంగారెడ్డి జిల్లా ఆస్పత్రి మొదలైన ప్రభుత్వాస్పత్రులలో ఐ.సి.టి.సి. అను కేంద్రములు కలవు. అచట పరీక్షకు డబ్బు తీసికొనరు. పరీక్షకు ముందును, తరువాతను కౌన్సెలరు కూర్చుండి మాటలాడును. ఆ మాటలు పరీక్షతో సమానమైన విలువ గలవి. దినము ఏది, ప్రమాదము ఏది, మఱల ఎప్పుడు రావలెను అని విచారించునది ఆ కౌన్సెలరే. ఇంటనుండియే అడుగదలచినవారు 1097 అను సంఖ్యకు ఉచితముగా ఫోను చేయవచ్చును. మందులు సైతము 2004 ఏప్రిల్ 1వ తేదీనుండి ప్రభుత్వము ఉచితముగా ఇచ్చుచున్నది. మొదట కొన్ని ఆస్పత్రులలోనే దొరకెడివి. ఇప్పుడు దేశమంతట దొరకును. ఈ మందులను లోకమునకు సరఫరా చేయు గొప్ప సంస్థలలో కొన్ని మన హైదరాబాదువే. ఆఫ్రికాలోని రోగి మ్రింగు మాత్ర హైదరాబాదు పరిసరముల కర్మాగారమున తయారైనది కావచ్చును. అట్టి మాత్రను చేయు చేతులు గలవాడే, వ్యాధి యని తెలిసినచో సిగ్గుచేత ఆస్పత్రికి పోకుండుట ఎంత శోచనీయము!

నా పిల్లవాడును, అతని భార్యయు ఇప్పటికిని మందులు వాడుచు ఆరోగ్యముగా నున్నారు. వారి బిడ్డ చదువుకొనుచున్నాడు. ఆ పాత చీటిని నేను అడిగి పుచ్చుకొని నా సొరుగులో దాచితిని. ఉద్యోగమున నున్నంతకాలము ఏ ఫలితము వ్రాయవలసివచ్చినను, ముందు ఆ చీటిని చూచి, పిమ్మట కలము తీసెడివాడను.

పెద్దలారా! ఎవరైనను ఇట్టి కాగితమును మీ చేతికిచ్చినచో మూడు ప్రశ్నలు వేయుడు. ప్రమాదము జరిగిన తేదీ ఏది, రక్తము తీసిన తేదీ ఏది, నడుమ మూడు నెలలు గడచెనా? లేదని వ్రాసియున్నచో ఈ ప్రశ్న. ఉన్నదని వ్రాసియున్నచో, ఎన్ని పరీక్షలు చేసిరి, మూడును ఏకీభవించెనా? ఇది రెండవ ప్రశ్న. ఈ రెంటికిని జవాబు దొరకనప్పుడు, మఱల పరీక్షకు ఎప్పుడు పోవుదువు, తోడు ఎవరు వత్తురు? ఇది మూడవది. ఈ మూడవ ప్రశ్నకు మీలో ఎవరైనను, "నేను వత్తును, పద" అని జవాబిచ్చినచో, నేను ఈ దినమున మాటలాడినందులకు ఫలము దక్కినట్లే.

సెలవు.